జర్మనీ సైన్యం అసలు ఇప్పుడు దేనికోసం? మా అబ్బాయికి ఉత్తరం వచ్చింది, తెలిసినవాళ్లు చెప్పండి

నెక్కర్‌తీరం:

నమస్తే అండీ. మేం జర్మనీలో స్థిరపడి చాలా కాలమైంది, పౌరసత్వం కూడా తీసుకున్నాం. మా పెద్దవాడు 2008లో పుట్టాడు, ఈమధ్యే పద్దెనిమిది నిండాయి. నిండాయో లేదో సైన్యం నుంచి ఉత్తరం వచ్చింది. అందులో క్యూఆర్ కోడ్ ఉంది, స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఫారం నింపాలి. ఏం చదివావు, ఆరోగ్యం ఎలా ఉంది, సైన్యంలో చేరాలన్న ఆసక్తి ఉందా, ఇలాంటి ప్రశ్నలు. మగపిల్లలైతే నింపి తీరాలి, ఆడపిల్లలకు ఇష్టమైతేనే. వాడు మామూలుగానే ఉన్నాడు కానీ మా ఆవిడకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ఉత్తరం సంగతి పక్కన పెడితే, నాకు అర్థం కానిది ఇంకొకటుంది. మేం వచ్చిన కొత్తలో ఈ దేశంలో సైన్యం ఊసెత్తేవాళ్లే కనబడలేదు. ఆఫీసులో కాస్త వయసున్నవాళ్లని కదిపితే "నేను తుపాకీ పట్టనని రాసిచ్చి వృద్ధాశ్రమంలో పనిచేశాను" అని చెప్పినవాళ్లే ఎక్కువ. ఇప్పుడు ఏ రైలెక్కినా యూనిఫాంలో ఉన్న కుర్రాళ్లు కనబడుతున్నారు, వార్తలు పెడితే ట్యాంకులు, డ్రోన్లు, లిథువేనియా. యుద్ధమంటేనే ఇక మాకొద్దు అనుకున్న దేశం కదా ఇది, మరి ఇంత మార్పు ఎలా వచ్చింది? 2022లో ఉక్రెయిన్ మీద దాడి జరగడం ఒక్కటే కారణమా, దాని వెనక ఇంకేమైనా ఉందా? వాడికి నేనేం చెప్పాలన్నా ముందు నాకు తెలియాలి. చరిత్ర మీద పట్టున్నవాళ్లు కొంచెం వివరంగా రాయండి.

పాతపత్రికలు:

అన్నా, 2022 ఒక్కటే చూస్తే సగమే అర్థమవుతుంది. ఈ సైన్యం పనిలో ఇది మూడో దశ. మొదటి దశ గురించి నేను రాస్తాను, మిగతాది ఇంకెవరైనా అందుకోండి.

ఇప్పటి జర్మన్ సైన్యం, అంటే బుండెస్‌వేర్, 1955 నవంబరు 12న బాన్‌లో మొదలైంది. ఆ రోజు నియామక పత్రాలు అందుకున్నది 101 మంది. హిట్లర్ యుద్ధం ముగిసి అప్పటికి పదేళ్లే అయింది, పట్టణాల్లో శిథిలాలు ఇంకా పూర్తిగా ఎత్తలేదు, మళ్లీ సైన్యమేంటని పశ్చిమ జర్మనీలో పెద్ద గొడవే జరిగింది. అంతకు ముందే, 1950లో, చాన్సలర్ (మన ప్రధాని లాంటి పదవి) అడెనావర్ ఈ ఆలోచనను ముందుకు తెచ్చినందుకే హోంమంత్రి గుస్టాఫ్ హైనెమన్ మంత్రివర్గం నుంచి తప్పుకున్నాడు (ఆయనే తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు). అంత వ్యతిరేకత మధ్య పుట్టింది కాబట్టే దీన్ని మొదటి నుంచీ కట్టడి చేస్తూ కట్టారు. రాజ్యాంగంలోని 87-ఎ అధికరణం సైన్యం ఉన్నది రక్షణ కోసమని చెబుతుంది. సైనికుడు ఎవరైనా పై అధికారులను దాటి నేరుగా ఫిర్యాదు చేసుకోవడానికి పార్లమెంటు తరఫున ఒక ప్రత్యేక కమిషనర్ ఉంటారు, ఆ పదవి ఇప్పటికీ ఉంది, ఏటా నివేదిక ఇస్తారు, బ్యారక్స్‌లో గోడలకు బూజు పట్టిందని కూడా అందులో రాస్తారు. సైనికుడు ముందు పౌరుడు, ఆ తర్వాతే సైనికుడు అన్న సిద్ధాంతాన్ని వోల్ఫ్ ఫాన్ బౌడిసిన్ అనే అధికారి తయారుచేశాడు. నేరమని తెలిసిన ఆదేశాన్ని పాటించకూడదు, పాటిస్తే తప్పు అతనిదే. "పైవాళ్లు చెప్పారు, చేశాను" అన్న సాకు 1945 తర్వాత అక్కడ చెల్లదు.

ఇక పని ఏమిటంటే, ఒకటే పని. సోవియట్ ట్యాంకులు తూర్పు జర్మనీ దాటి వస్తే ఆపాలి, లేదా అమెరికా నుంచి అదనపు బలగాలు వచ్చేదాకా నిలబడాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఈశాన్యంగా ఫుల్డా అనే పట్టణం ఉంది, దాని దగ్గర కొండల మధ్య నుంచే దాడి వస్తుందని నాటో లెక్క. అంటే యుద్ధమంటూ వస్తే అది జరిగేది వాళ్ల సొంత ఊళ్లలోనే. అందుకే 1956లో నిర్బంధ సైనిక సేవ చట్టం తెచ్చారు, 1957 నుంచి కుర్రాళ్లను పిలిచారు, ప్రచ్ఛన్న యుద్ధం ముదిరిన రోజుల్లో సైన్యం సంఖ్య దాదాపు 4,95,000. మీ ఆఫీసు పెద్దవాళ్లు చెప్పిన వృద్ధాశ్రమం సంగతి కూడా ఇక్కడిదే: మనస్సాక్షి ఒప్పుకోకపోతే ఎవరినీ బలవంతంగా ఆయుధం పట్టించకూడదని రాజ్యాంగం 4వ అధికరణంలో ఉంది, అలా కాదన్నవాళ్లు ఆస్పత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో, అంబులెన్సుల్లో పనిచేసేవాళ్లు. చివరికి ఆస్పత్రులు వాళ్లమీదే ఆధారపడే స్థితి వచ్చింది.

1990లో రెండు జర్మనీలూ కలిశాయి. కలవడానికి ఒప్పుకున్న షరతుల్లో సైన్యాన్ని 3,70,000కు మించనివ్వకూడదన్నది ఒకటి. తూర్పు జర్మనీ సైన్యాన్ని రద్దు చేశారు. చూస్తుండగానే పోలండ్, చెక్ కూడా నాటోలోకి వచ్చేశాయి, ఎటు చూసినా మిత్రులే. ఇక ఎవరిని ఆపాలి? ఆ ప్రశ్నకు జవాబు దొరకక చాలా ఏళ్లు గడిచాయి.

ఉత్తరసముద్రం:

రెండో దశ నేను రాస్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని దాటేసి నేరుగా ఉక్రెయిన్‌కు వచ్చేస్తారు, ఇప్పటి ఇబ్బందులు చాలావరకు ఇక్కడే పుట్టాయి.

1990ల్లో యుగోస్లావియా ముక్కలైనప్పుడు, సొమాలియాలో ఐక్యరాజ్యసమితి దళాలు దిగినప్పుడు, జర్మనీ వంతు ఏమిటని మిత్రదేశాలు అడగడం మొదలుపెట్టాయి. డబ్బిస్తాం, మనుషులను పంపం అంటే ఎన్నాళ్లు సాగుతుంది? సంగతి రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లింది. 1994 జులై 12 తీర్పు ఏమందంటే, దేశం బయటికి సైన్యాన్ని పంపవచ్చు, కానీ ప్రతి సాయుధ దళానికీ పార్లమెంటు ఒప్పుకోవాలి. అంటే చాన్సలర్ ఒక్కడు సంతకం పెడితే కుదరదు. ఎంతమంది, ఎక్కడికి, ఎన్నాళ్లకు, ఏం చేయడానికి అన్నవన్నీ కాగితం మీద ఉండాలి, ఓటు పడాలి, గడువు తీరితే మళ్లీ ఓటు. ఇది నామమాత్రం నియమం కాదు. 2001 నవంబరులో అఫ్ఘానిస్తాన్‌కు పంపే తీర్మానాన్ని అప్పటి చాన్సలర్ ష్రోడర్ తన ప్రభుత్వ విశ్వాస తీర్మానంతో కలిపి పెట్టాల్సి వచ్చింది, కావలసినదానికి రెండంటే రెండే ఓట్లు ఎక్కువ వచ్చి ప్రభుత్వం నిలబడింది. అదే ష్రోడర్ 2003లో ఇరాక్ యుద్ధానికి రానని అమెరికాకు చెప్పేశాడు. 2011లో లిబియా విషయంలో జర్మనీ భద్రతా మండలిలో ఓటు వేయకుండా ఊరుకుంది.

మధ్యలో 1999 మార్చిలో కోసొవో. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్ యుద్ధవిమానాలు నిజమైన పోరులోకి దిగడం అదే మొదటిసారి, అదీ ఐక్యరాజ్యసమితి ఆమోదం లేకుండా, అదీ శాంతి ఉద్యమం నుంచి పుట్టిన గ్రీన్ పార్టీ అధికారంలో ఉన్నప్పుడు. ఆ పార్టీ నాయకుడు, విదేశాంగ మంత్రి యోష్కా ఫిషర్ మీద బీలెఫెల్డ్ మహాసభలో సొంత పార్టీ సభలోనే ఎర్రరంగు సంచి విసిరారు, చెవిలోని పొర చిరిగింది. చొక్కా మీద ఆ రంగుతోనే మాట్లాడాడు. ఇక యుద్ధం వద్దు అన్నదీ, ఆష్విట్జ్ (నాజీలు యూదులను చంపిన శిబిరం) మళ్లీ జరగకూడదు అన్నదీ రెండూ నేర్చుకున్నాం, రెండూ ఒకదానికొకటి ఎదురైతే ఏం చేయాలి అన్నదే ఆయన వాదన. ఈ దేశంలో సైన్యం గురించి జరిగిన చర్చలన్నిటిలో నన్ను బాగా కదిలించింది ఇదే.

తర్వాత అఫ్ఘానిస్తాన్, ఇరవై ఏళ్లు. రక్షణ మంత్రి పీటర్ స్ట్రుక్ 2002లో జర్మనీ భద్రతను హిందూకుష్‌లో కూడా కాపాడుతున్నామన్నాడు. మొదట్లో బడులు కట్టడం, బావులు తవ్వడం అని ఇక్కడి జనానికి చెప్పారు. 2009 సెప్టెంబరు 4న కుందుజ్ దగ్గర తాలిబన్లు ఎత్తుకెళ్లిన రెండు పెట్రోలు ట్యాంకర్ల మీద జర్మన్ కర్నల్ ఒకరు బాంబులు వేయించాడు, పెట్రోలు పట్టుకుపోదామని చేరిన ఊరివాళ్లు కూడా చనిపోయారు, మొత్తం మృతులు వంద దాకా. విషయం దాచారని తేలాక అప్పటి రక్షణ మంత్రి (అప్పటికి శాఖ మారాడు) పదవి వదులుకోవాల్సి వచ్చింది, త్రివిధ దళాల అధిపతి కూడా వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది ఏప్రిల్ 2న, గుడ్ ఫ్రైడే రోజు, అదే కుందుజ్ పరిసరాల్లో జర్మన్ పారాట్రూపర్ల మీద గంటల తరబడి కాల్పులు జరిగాయి, ముగ్గురు చనిపోయారు. గాయపడినవాళ్లను కాల్పుల మధ్యే దిగి ఎత్తుకొచ్చింది అమెరికన్ హెలికాప్టర్లు. ఇరవై ఏళ్లలో 59 మంది జర్మన్ సైనికులు తిరిగి రాలేదు. 2021 ఆగస్టులో కాబూల్ కూలినప్పుడు సొంతవాళ్లనూ, తమకు సాయపడ్డ అఫ్ఘాన్లనూ విమానాల్లో తరలించాల్సి వచ్చింది, తరలించలేకపోయినవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఇరవై ఏళ్లూ సైన్యాన్ని చిన్న చిన్న దళాలుగా దూరదేశాలకు పంపడానికి తగినట్టు మలిచారు. దానికి ట్యాంకులు వేలల్లో అక్కర్లేదు, ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో 2,000 పైచిలుకు ఉన్న లెపర్డ్-2 ట్యాంకులు మూడు వందల స్థాయికి దిగిపోయాయి. విమానాలను కూల్చే గన్‌ల దళాన్నే ఎత్తేశారు. ఉన్న సామానును దళాలు ఒకరి దగ్గర ఒకరు అరువు తెచ్చుకునేవాళ్లు, 2014లో నార్వేలో జరిగిన నాటో విన్యాసాల్లో ఒక దళం వాహనం మీద మెషిన్‌గన్ గొట్టం లేక చీపురు కర్రకు నల్లరంగు వేసి పెట్టింది. 2011 జులై నుంచి నిర్బంధ సేవను ఆపేశారు. రద్దు చేయలేదు గమనించండి, ఆపారు, చట్టం పుస్తకంలోనే ఉంది. కుర్రాళ్లను పిలిచి, వైద్య పరీక్ష చేసి, శిక్షణ ఇచ్చే కార్యాలయాలను మాత్రం మూసేశారు, బ్యారక్స్ అమ్మేశారు. అలాంటి యంత్రాంగాన్ని మూయడానికి కొన్ని నెలలు చాలు, మళ్లీ నిలబెట్టాలంటే ఏళ్లు పడుతుంది, ఇప్పుడు అదే అనుభవిస్తున్నారు.

నెక్కర్‌తీరం:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. చీపురు కర్ర సంగతి మా అబ్బాయికి చదివి వినిపించాను, నమ్మలేదు, వెతికి చూసుకుని అప్పుడు నమ్మాడు. ఒక్కటి అడగనివ్వండి. మొదటి దశలో శత్రువు గుమ్మంలో ఉన్నాడు కాబట్టి పిల్లల్ని పిలిచారు, అర్థమైంది. ఇప్పుడు జర్మనీకీ రష్యాకూ మధ్య పోలండ్ అంత పెద్ద దేశం ఉంది కదా. మరి మళ్లీ అంత సైన్యం ఎందుకు?

వంతెనలమనిషి:

దీనికి నేను చెప్తాను అన్నా, నాది రవాణా రంగం, ఈ మాట మా పనిలో రోజూ వస్తుంది.

అప్పట్లో జర్మనీ యుద్ధభూమి. ఇప్పుడు జర్మనీ వెనక స్థావరం. ఈ తేడా పట్టుకుంటే మిగతావన్నీ దానంతటవే అర్థమవుతాయి. బాల్టిక్ దేశాల (లిథువేనియా, లాత్వియా, ఎస్టోనియా) మీద రష్యా దాడి చేసిందనుకోండి, అమెరికా, బ్రిటన్, నెదర్లాండ్స్ నుంచి వచ్చే బలగాలు చాలావరకు జర్మనీ మీదుగానే పోవాలి. బ్రెమర్‌హావెన్ రేవులో ఓడలు దిగాలి, రైళ్లకు ఎక్కించాలి, దారిలో ఇంధనం, తిండి, పడక, మరమ్మతు, తిరుగు ప్రయాణంలో గాయపడినవాళ్లకు ఆస్పత్రులు. ఉల్మ్‌లో నాటో పెట్టిన కమాండ్ పని ఇదే, సేనలను యూరప్‌లో అటూ ఇటూ కదిలించడం. జర్మన్ సైన్యం దీనికోసం ఒక పెద్ద ప్రణాళిక రాసుకుంది, అందులో లక్షల మంది సైనికులు కొన్ని నెలల్లో ఈ దేశం మీదుగా దాటిపోవడం లెక్కలోకి తీసుకున్నారు. అది రహస్య పత్రం, కానీ రైల్వే, రేవులు, ఆస్పత్రులు, పెద్ద కంపెనీలతో దాని గురించి బహిరంగంగానే మాట్లాడుతున్నారు.

ఇక్కడే వంతెనలు వస్తాయి. లెపర్డ్-2 ఒక్కటే 60 టన్నులకు పైన, దాన్ని మోసే ట్రెయిలర్ కలిపితే ఇంకా చాలా బరువు. పశ్చిమ జర్మనీలో హైవే వంతెనలు ఎక్కువగా 1960ల్లో, 70ల్లో కట్టినవి. ల్యూడెన్‌షైడ్ దగ్గర ఏ-45 హైవే మీద రామెడె వంతెన బలహీనపడిందని 2021 డిసెంబరులో ఉన్నట్టుండి మూసేశారు, 2023 మేలో పేల్చి కూల్చేశారు, ఆ మధ్యకాలమంతా లారీలు ఊరి సందుల్లోంచి పాక్కుంటూ పోయాయి. మామూలు సరుకు లారీలకే ఇలా ఉంటే ట్యాంకుల దళం సంగతేంటి? అందుకే ఇప్పుడు నాటో దేశాలు 2025 హేగ్ సమావేశంలో ఒప్పుకున్న జీడీపీలో 5 శాతం లెక్కలో 3.5 శాతం నేరుగా సైన్యానికి, 1.5 శాతం రోడ్లు, వంతెనలు, సైబర్ రక్షణ లాంటివాటికి అని విడగొట్టారు. వంతెన బాగుచేయడం కూడా రక్షణ ఖర్చే. నన్నడిగితే ఫిరంగుల కంటే ముందు అదే చేయాలి, యుద్ధం రాకపోయినా ఆ వంతెన జనానికి పనికొస్తుంది.

అంత సైన్యం ఎందుకన్నారు కదా. రేవులు, రైలు కూడళ్లు, ఇంధన నిల్వలు, వీటికి కాపలా కావాలి. ముందుకు వెళ్లిన దళాల స్థానంలో ఇంకొకరు ఉండాలి. 2022 ఫిబ్రవరి 24న, దాడి మొదలైన రోజే, పదాతిదళ అధిపతి ఆల్ఫాన్స్ మైస్ తన సైన్యం దాదాపు వట్టి చేతులతో ఉందని అందరికీ కనబడేలా రాశాడు. మూడు రోజులకు అప్పటి చాన్సలర్ షోల్జ్ పార్లమెంటులో 10,000 కోట్ల యూరోల ప్రత్యేక నిధి ప్రకటించాడు. 2025 మార్చిలో రాజ్యాంగాన్నే సవరించి, జీడీపీలో ఒక శాతానికి మించిన రక్షణ ఖర్చుకు అప్పుల పరిమితి వర్తించదన్నారు. డబ్బు సమస్య అలా తీరింది. డబ్బుతో కొనలేనిది మనుషులు. ఉన్నది 1,80,000 పైచిలుకు, 2035 నాటికి కావలసింది 2,60,000, దానికి తోడు 2,00,000 మంది రిజర్విస్టులు, అంటే అవసరమైనప్పుడు పిలిచేవాళ్లు. మీ అబ్బాయికి ఉత్తరం వచ్చింది ఈ లెక్క నుంచే.

రెండోతరం:

నేను ఇక్కడే పుట్టి పెరిగాను, తెలుగు రాయడంలో తప్పులుంటే సర్దుకోండి. పైన రాసినవాళ్లందరూ నాకంటే పెద్దవాళ్లు, మీ మాటలకు అడ్డు చెప్పాలని కాదు, కానీ మీ అబ్బాయి వయసువాళ్ల తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి.

ఈ ఉత్తరాలకు కారణమైన కొత్త సైనిక సేవ చట్టం మీద 2025 డిసెంబరు 5న పార్లమెంటులో ఓటింగ్ జరిగిన రోజు చాలా పట్టణాల్లో బడిపిల్లలు తరగతులు వదిలి వీధిలోకి వచ్చారు. మా చెల్లి కూడా వెళ్లింది. వాళ్లలో చాలామంది రష్యాను సమర్థించేవాళ్లు కాదు, ఉక్రెయిన్ నుంచి వచ్చిన పిల్లలు వాళ్ల క్లాసులోనే ఉన్నారు. వాళ్ల కోపం వేరే. కరోనా అప్పుడు బడులు మూసి మీరే సర్దుకోండి అన్నారు, ఇళ్ల అద్దెలు భరించలేకుండా ఉన్నాయి, వాతావరణం గురించి వీధిలోకొస్తే పెద్దయ్యాక చూద్దాం అన్నారు, ఇప్పుడు దేశం కోసం ఏదైనా చేయమని మొదట అడుగుతున్నది మళ్లీ వాళ్లనే. ఓటు హక్కు కూడా లేని వయసువాళ్ల గురించి నిర్ణయం తీసుకునేటప్పుడు వాళ్లను కూర్చోబెట్టి అడగాలి కదా. అడిగామని అంటారు కానీ అది కనబడలేదు.

ఇంకొకటి, ఫారం మగపిల్లలకే తప్పనిసరి ఎందుకు? రాజ్యాంగం 12-ఎ అధికరణంలో నిర్బంధ సేవ మగవాళ్లకే అని ఉంది, మార్చాలంటే మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి, అది ఇప్పటి పార్లమెంటులో సులువు కాదు, నిజమే. కానీ 2000లో ఒక జర్మన్ మహిళ యూరోపియన్ న్యాయస్థానానికి వెళ్లి గెలిచాకే ఆయుధాలు పట్టే విభాగాలు ఆడవాళ్లకు తెరిచారు, అంతకుముందు వైద్యం, బ్యాండు మాత్రమే. ఇరవై ఐదేళ్లు దాటినా మళ్లీ పాత గీతే గీశారు. అందరికీ సమానమైన బాధ్యత అని చెప్పాలంటే అందరికీ ఒకటే ఉత్తరం రావాలి.

సైన్యమే వద్దని నేననడం లేదు. పశ్చిమ జర్మనీలోని ఆర్ లోయలో 2021 వరదలప్పుడు సైనికులు వచ్చి బురద ఎత్తి, తాత్కాలిక వంతెనలు వేశారు. మా స్నేహితురాలి వాళ్ల ఊరు అక్కడే, వాళ్లకు సైన్యం అంటే ముందు అదే గుర్తొస్తుంది. కానీ వరద సాయం చూపించి చేర్చుకుని చివరికి పంపేది లిథువేనియా సరిహద్దుకు అయితే, ఆ మాట మొదటే చెప్పాలి.

ఉత్తరసముద్రం:

రెండోతరం చెప్పినదాంట్లో వయసువాళ్లను అడగలేదన్న మాటకు నా దగ్గర జవాబు లేదు, అది న్యాయమైన కోపం. లిథువేనియా దగ్గర మాత్రం కొంచెం ఆగుతాను.

2017 నుంచి అక్కడి రుక్లాలో నాటో దళానికి జర్మనీయే నాయకత్వం వహిస్తోంది, కానీ సైనికులు కొన్ని నెలలుండి మారిపోయేవాళ్లు. 2023లో రక్షణ మంత్రి పిస్టోరియస్ అక్కడ శాశ్వతంగా ఒక బ్రిగేడ్ పెడతామన్నాడు. 2027 చివరికల్లా సుమారు 5,000 మంది, కుటుంబాలతో సహా వెళ్లి ఉండేలా, పిల్లలకు బడులతో సహా. 2025 మే 22న లిథువేనియా రాజధాని విల్నియస్‌లో పెద్ద చర్చి ముందు చౌక్‌లో ఆ బ్రిగేడ్‌ను చాన్సలర్ మెర్జ్ సమక్షంలో లాంఛనంగా ప్రారంభించారు. జర్మనీ తన సొంత నేల బయట ఒక పూర్తి బ్రిగేడ్‌ను స్థిరంగా ఉంచడం ఇదే మొదటిసారి. విల్నియస్ నుంచి రష్యా మిత్రదేశమైన బెలారస్ సరిహద్దు 30 కిలోమీటర్ల దూరమే.

ఆ చౌక్ నుంచి కాస్త దూరంలోనే పానేరియాయ్ అడవి ఉంది. 1941 నుంచి 1944 వరకు నాజీలు, వాళ్లకు తోడు స్థానికులు కొందరు, అక్కడ గోతుల పక్కన నిలబెట్టి వేలకు వేల మందిని చంపారు, ఎక్కువమంది యూదులు. ఆ నేల మీదికి జర్మన్ ట్యాంకులు మళ్లీ వస్తుంటే ఆ దేశమే రమ్మని పిలిచింది, జనం జెండాలు పట్టుకుని నిలబడ్డారు. ఈ డెబ్బై ఏళ్ల కట్టడి, పార్లమెంటు ఓట్లు, సైనికుడి మనస్సాక్షి హక్కు, వీటివల్లే ఆ నమ్మకం వచ్చిందని నా గట్టి అభిప్రాయం. వాటిని వదులుకుని ఎన్ని ట్యాంకులు కొన్నా అది రాదు. కాబట్టి రెండోతరం లాంటివాళ్లు వీధిలోకి రావడం సైన్యానికి వ్యతిరేకమని నేననుకోను, ఈ సైన్యాన్ని ఇలా ఉంచేది అదే.

ఆ బ్రిగేడ్‌కు మొదటి నుంచీ ఇష్టపడి వచ్చేవాళ్లతోనే నింపాలని చూస్తున్నారు, అదనపు భత్యాలు ఇస్తున్నారు. అయినా కావలసినంత మంది దొరకడం కష్టంగానే ఉంది.

నెక్కర్‌తీరం:

చదివాను, మా ఆవిడకు కూడా చదివి చెప్పాను. తను ఒక్కటే అడుగుతోంది: ఫారంలో ఆసక్తి లేదని రాస్తే ఏమవుతుంది? రేపు బలవంతంగా పిలిస్తే?

పాతపత్రికలు:

వదినగారికి ఇలా చెప్పండి. ఫారం నింపడం వరకు తప్పదు, నింపకపోతే జరిమానా పడొచ్చు. ఆసక్తి లేదని రాస్తే దానివల్ల నష్టమేమీ లేదు, చేరడం పూర్తిగా వాడి ఇష్టం. వైద్య పరీక్షకు పిలుస్తారు, 2027 మధ్య నుంచి ఆ వయసు మగపిల్లలందరికీ అది తప్పనిసరి అవుతోంది. పరీక్షకు వెళ్లినంత మాత్రాన చేరినట్టు కాదు. చేరాలనుకుంటే కనీసం ఆరు నెలలు, జీతం పన్నులు పోకముందు నెలకు సుమారు 2,600 యూరోలు, ఏడాది లేదా అంతకంటే ఎక్కువ ఉంటే డ్రైవింగ్ లైసెన్సు ఖర్చులో సాయం. ఆ వయసులో అది చిన్న మొత్తం కాదు, కాబట్టి వాడు డబ్బు చూసి ఊగితే కోప్పడకండి, కూర్చోబెట్టి మాట్లాడండి.

బలవంతం సంగతి. స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు చాలకపోతే పిలవడానికి వీలుంది, కానీ అది దానంతటదే మొదలవదు, పార్లమెంటు మళ్లీ వేరే చట్టం చేయాలి. అవసరమైనదానికంటే ఎక్కువమంది ఉంటే లాటరీ తీయడం కూడా చర్చలో ఉంది. ఎంతమంది చేరారన్నది ప్రభుత్వం పార్లమెంటుకు క్రమం తప్పకుండా చెప్పాలి, ఆ అంకెలు వార్తల్లో వస్తాయి, వాటిని గమనిస్తూ ఉంటే గాలి ఎటు వీస్తోందో ముందే తెలుస్తుంది.

అప్పుడు కూడా 4వ అధికరణం ఎక్కడికీ పోదు. ఆయుధం పట్టలేనని దరఖాస్తు పెట్టుకునే హక్కు ఇప్పటికీ ఉంది. కారణాలు సొంత మాటల్లో రాయాలి, జీవిత వివరాలు జతచేయాలి, అది సైన్యం నియామక కేంద్రానికే వెళ్తుంది కానీ నిర్ణయించేది కొలోన్‌లో ఉన్న పౌర కార్యాలయం. ఇంటర్నెట్‌లో దొరికిన నమూనా కాపీ కొట్టి పంపితే తిప్పి కొట్టే అవకాశం ఎక్కువ.

రెండోతరం:

ఇంకో మాట, ఆ ఫారం వాడినే నింపనివ్వండి అంకుల్. ఉత్తరం వచ్చింది వాడి పేరు మీద. పైన మీరంతా రాసింది వాడితో చదివించండి, తర్వాత ఏం రాస్తాడో వాడిష్టం. మా ఇంట్లో చెల్లి విషయంలో మా నాన్న అలాగే చేశారు, తనకు తప్పనిసరి కాకపోయినా నింపింది, ఆసక్తి లేదనే రాసింది.

నెక్కర్‌తీరం:

సరేనమ్మా. ఈ శనివారం ఇద్దరం కూర్చుంటున్నాం. వాడు లిథువేనియా మ్యాప్ తీసి ఇప్పటికే ఏవో ప్రశ్నలు రాసుకున్నాడు, నాకు జవాబు తెలియనివి మళ్లీ ఇక్కడే అడుగుతాను.